టార్మోర్ రేవులో వణికిన గొంతు

షార్లట్‌టౌన్,
1908 మార్చి 27.

అక్కకు,

నువ్వు పంపిన ఊలు మేజోళ్ళు అందాయి. ఒకటి రెండోదానికంటే రెండు వేళ్ళు పొడుగుంది. అల్లింది నువ్వు కాబట్టి తప్పు నా కాళ్ళదే అయి ఉంటుందని తొడుక్కు తిరుగుతున్నాను.

శాసనసభ ఇంకో పది రోజుల్లో ముగుస్తుంది. ఈసారి ఒక వింత జరిగింది. మన దీవిలో మోటారు బండ్లు తిరగకూడదని ప్రభుత్వం బిల్లు తెస్తే ప్రతిపక్షం వాళ్ళం కూడా ఒప్పుకున్నాం. దీవి మొత్తానికి ఆ బండ్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, కానీ ఒకటి కనిపిస్తే చాలు, గుర్రాలు బెదిరి బండితో సహా కందకంలో దిగుతున్నాయి. పద్నాలుగేళ్ళుగా కాదు, కూడదు, ఒప్పుకోం అని అరిచిన నోటికి 'అవును' అనడం చేతకాలేదు. పక్కన కూర్చున్నాయన నా మొహంలోకి చూసి, "డూగల్డ్, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

నా రహస్య ఓటు బిల్లు మాత్రం మూడోసారి కూడా వీగిపోయింది. లోకమంతా చీటీ మీద గీత గీసి పెట్టెలో వేస్తుంటే, మనం ఇంకా బల్ల ముందు నిలబడి, ఊరంతా వింటుండగా, ఫలానా వాడికని నోటితో చెప్పాలి. దీని మీద ఈసారి గంటన్నర మాట్లాడాను. పోయిన ఎన్నికలో నా నియోజకవర్గంలోని ఒక రేవు ఊళ్ళో ఏం జరిగిందో చెప్పాను. కూడూ గూడూ ప్రభుత్వం చేతిలో ఉన్న ఒక పెద్దమనిషి బల్ల ముందుకు వచ్చాడనీ, ఎదురుగా ప్రభుత్వం తరఫు మనిషి కూర్చుని ఉన్నాడనీ, ఇతని నోట సర్కారు అభ్యర్థి పేరు వచ్చింది గానీ గొంతు గజగజ వణికిందనీ చెప్పాను. పత్రికవాళ్ళు అక్షరం పొల్లుపోకుండా వేశారు. కత్తిరించి ఇందులో పెడుతున్నాను.

బావ పేరు ఎక్కడా చెప్పలేదు, చూసుకో. నాలుగేళ్ళుగా మీ గడప తొక్కలేదని నీకు కష్టంగా ఉందని తెలుసు. అది కోపం కాదు. నన్ను చూస్తే ఆయన సిగ్గుపడతాడని, అంతే.

నీ తమ్ముడు,
డూగల్డ్

టార్మోర్ రేవు,
ఏప్రిల్ 6.

డూగల్డూ,

మేజోళ్ళ సంగతి తర్వాత చూద్దాం. నీ ఉత్తరం కంటే పత్రికే మూడు రోజులు ముందొచ్చింది. హెక్టర్ కొలిమి దగ్గర బడిపంతులు నిలబడి దాన్ని మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాడట.

పేరు చెప్పలేదని మురిసిపోతున్నావు. ఒరే నాయనా, నీ నియోజకవర్గంలో రేవు ఉన్న ఊరు ఒక్కటే. ఆ ఊళ్ళో ప్రభుత్వం ఇంట్లో కాపురముండి, ప్రభుత్వం బల్లకట్టు నడిపేవాడు ఒక్కడే. ఇంక పేరు చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత?

పత్రిక వచ్చిన పూట మీ బావ గడ్డకట్టిన ఏటి మీద ఉన్నాడు. ఏప్రిల్ మంచు సంగతి నీకు తెలియంది కాదు, పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల కుళ్ళిపోయి ఉంటుంది. శీతాకాలం మొదట్లో గడకర్రతో పొడుచుకుంటూ అందరికంటే ముందు మంచు మీద కాలు పెట్టేది రోరీయే. బండ్లు దారి తప్పకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దేవదారు కొమ్మలు నాటేది రోరీయే. చివర్న మంచు కుళ్ళాక ఎవరూ ఆ దారిన రాకుండా వాటిని పీక్కొచ్చేదీ రోరీయే. ఇరవై ఆరేళ్ళలో ఆయన నాటిన కొమ్మల మధ్య నడిచిన గుర్రం ఒక్కటీ మంచులో మునగలేదు. అలాంటి మనిషి వణికాడని నువ్వు పట్నంలో గంటన్నర ఉపన్యాసం ఇచ్చావు.

ఇంకెవరి నోటో వినేకంటే మేలని నేనే చెప్పాను. ఆయన దుంపలు తిన్నాడు, ఉప్పుచేప తిన్నాడు. "ఇంకో దుంప ఉందా?" అన్నాడు. అంతకుమించి మాట లేదు. ఈ మనిషి అరిస్తే నాకు భయం లేదు. ఇలా రెండో దుంప అడిగితేనే భయం.

ఎఫీ

లోర్న్ స్టేషన్,
ఏప్రిల్ 15.

అక్కకు,

ఇల్లు చేరాను. దుకాణంలో జీనులకూ కళ్ళేలకూ ఒకటే బూజు.

నీ కోపం అర్థమైంది. కానీ ఒకటి ఆలోచించు. బావ ఏమీ అనలేదన్నావు. అంటే నేను చెప్పింది నిజమని ఆయనకూ తెలుసన్నమాట. అబద్ధమైతే ఊరుకునే రకమా? భయపడటం తప్పు కాదక్కా. భయపెట్టేవాడిది తప్పు. ఆయన తరఫున పోరాడుతున్నది నేనొక్కణ్ణే, ఆ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పు.

ఇంకో మాట. నోరు జారితే ఇల్లు ఖాళీ చేయిస్తామని ఆయన్ని ఎవరైనా బెదిరించారా? బెదిరించినవాడి పేరు రాసి పంపు. వచ్చే సమావేశంలో మంత్రిని లేపి నిలబెడతాను.

డూగల్డ్

టార్మోర్ రేవు,
మే 20.

డూగల్డూ,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను, 'భయపడటం తప్పు కాదు' దగ్గర మాత్రం దాటేశాను. ఆయన వచ్చి నా భుజం మీంచి చూసి ఆ ముక్కే చదువుకుని వెళ్ళిపోయాడు. మనిషి ఎంత తక్కువ మాట్లాడితే కళ్ళు అంత బాగా పనిచేస్తాయి కాబోలు.

ఏరు విప్పుకుంది, బల్లకట్టు మొదలైంది. ఎక్కినవాడల్లా ఒక రాయి వేసి దిగుతున్నాడు. మొన్న హెక్టర్ గుర్రాన్ని ఎక్కించి, "ఏం రోరీ, ఎండ ఇంత కాస్తోంది, ఇంకా వణుకు తగ్గలేదా? దుప్పటి పంపమంటావా?" అన్నాడు. ఆదివారం చర్చి మెట్ల మీద ఎవడో వెనకనుంచి గొంతు వణికిస్తూ "లా... మాం... ట్" అన్నాడు. ఆర్చీ లామాంట్ నీ మీద నిలబడిన సర్కారు అభ్యర్థే కానీ పాపం మర్యాదస్థుడు, వాణ్ణి చీవాట్లు పెట్టాడు. దాంతో నవ్వేవాళ్ళు ఇంకా ఎక్కువయ్యారు.

నిన్న మీ బావ కొలిమి దగ్గరికి వెళ్ళి పదిమంది ముందు ఒక మాట అని వచ్చాడు. "నవంబరు ఎన్నికలో బళ్ళో బల్ల ముందు నిలబడి డూగల్డ్ మాక్‌ఫీ పేరే చెబుతాను. అందరూ వచ్చి చెవులు పెట్టుకు వినండి. ఎవడి గొంతు వణుకుతుందో చూద్దాం." ఇంటికొచ్చి నాతో కూడా అదే అన్నాడు, వాతావరణం సంగతి చెప్పినట్టు.

నీ పేరు చెప్పిన మర్నాడు బల్లకట్టు ఇంకొకరికి పోతుంది. బల్లకట్టుతో పాటు ఈ ఇల్లూ పోతుంది.

ఎఫీ

లోర్న్ స్టేషన్,
జూన్ 1.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి దుకాణం మూసేసి ఏటి గట్టున చాలాసేపు నడిచాను. నాలుగేళ్ళ నుంచి ఈ మాట కోసం ఎదురుచూశాను. బావకు చివరికి ధైర్యం వచ్చింది. ఒక్క రోరీ నోరు విప్పితే టార్మోర్‌లో మరో పదిమంది విప్పుతారు.

ఇల్లు పోతుందని దిగులుపడకు. నా దుకాణం మీద గది ఖాళీగానే ఉంది. తోలు వాసన నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. బావ కుట్టుపనిలో సాయం చేస్తాడు.

ఆయనకు నా అభినందనలు చెప్పు.

డూగల్డ్

టార్మోర్ రేవు,
జూన్ 14.

డూగల్డ్,

అభినందనలు చెప్పలేదు. పొయ్యిలో వేశాను.

నేను ఈ ఇంటికి వచ్చేసరికి కప్పు కారేది, నేల మీద ఆల్చిప్పలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆయన వాళ్ళ అన్నకు పొలం వచ్చింది, మాకు ఈ గుమ్మం వచ్చింది. శీతాకాలాల్లో ఏటి అడుగు బురద తవ్వి తెచ్చి పోసి పోసి, రాతినేలలో దుంపలూ క్యాబేజీలూ పండించాను. నా ఇద్దరు పిల్లల సమాధులు వంటింటి కిటికీలోంచి కనిపిస్తాయి. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని తీసుకొచ్చి నీ దుకాణంలో సూదీ దారం ఇచ్చి కూర్చోపెడతానంటున్నావు. ఆ చేతులతో ఆయన బల్లకట్టు తాడు లాగుతాడురా.

నీకు పద్నాలుగేళ్ళుగా ఎదుటి బెంచీ వాళ్ళు చెప్పింది వినిపించదు, సరే, అది నీ వృత్తి. ఇంట్లోవాళ్ళు చెప్పిందైనా విను. ఆయనకు ధైర్యం రాలేదు. పౌరుషం వచ్చింది. రెండింటికీ తేడా తెలియనివాడివి చట్టాలేం చేస్తావు?

నా పేరు మీద కాదు, నీ పేరు మీద నువ్వే ఆయనకు రాయి. 'నాకు ఓటు వెయ్యొద్దు' అని రాయి. అంతవరకు నాకు ఉత్తరం రాయకు.

ఎఫీ

లోర్న్ స్టేషన్,
సెప్టెంబరు 20.

బావా,

ఈ ఉత్తరం జూన్ నుంచి ఆరుసార్లు మొదలుపెట్టాను. అక్క ఆజ్ఞ మీద రాస్తున్నానని దాచను, కానీ ఇప్పుడు నా మనసులో మాట కూడా ఇదే.

నాకు ఓటు వెయ్యకు. పోయినసారి లాగే లామాంట్ పేరు చెప్పు. నీ ఇల్లు పోగొట్టి వచ్చే ఓటు నాకు అక్కర్లేదు. పోయినసారి భయంతో చెప్పినందుకు నిన్ను ఎప్పుడో క్షమించాను. ఈసారి కూడా మనసులో ఏమీ పెట్టుకోను. పొట్టకూటి కోసం మనిషి ఎన్నో చేస్తాడు. అందులో చిన్నతనం లేదు.

డూగల్డ్

టార్మోర్ రేవు,
అక్టోబరు 4.

డూగల్డ్,

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. ఇది రాస్తున్నట్టు ఎఫీకి తెలియదు.

క్షమించానని రాశావు. దేనికి?

1903లో రేవు దిగుడుకు రాళ్ళు పరిపించమని లామాంట్ అర్జీ పెట్టించాడు. సభలో ఆ ఖర్చుల బిల్లుకు నువ్వు కూడదన్నావు. రాళ్ళు వద్దని కాదు, మీ పక్షమంతా కూడదంది కాబట్టి అన్నావు. ఆ ఏడు రాళ్ళు పడలేదు. ఆ అక్టోబరులో వానపడుతుండగా మాక్‌అస్కిల్ గుర్రాల జత బురదలో జారి, బండితో సహా ఏట్లోకి పోయింది. నేను నడుముల్లోతు నీళ్ళలో నిలబడి గుర్రాల తోలు పట్టెడలు కోయబోయాను. అవి నీ దుకాణంలో కుట్టినవి. గట్టివి. నా కత్తికి తెగలేదు. రెండు గుర్రాలూ నన్ను చూస్తూనే పోయాయి.

మరుసటేడు ఎన్నిక వచ్చింది. ఎవరి పేరు చెప్పాలో నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ బెదిరించలేదు. నువ్వు మంచివాడివి, కానీ మంచి సభ్యుడివి కాదనుకున్నాను. లామాంట్‌కు మాట్లాడటం రాదు. నీ చేతిలో ఓడిపోయి కూడా వెంటబడి రాళ్ళు పరిపించాడు.

గొంతు వణికింది నిజమే. ప్రభుత్వం మనిషిని చూసి కాదు. అతని పక్కన నువ్వు కూర్చున్నావు. నా పెళ్ళినాడు నాకు కోటు తొడిగినవాడివి. నీ మొహం చూస్తూ ఇంకొకడి పేరు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు నలుగురిలో నీ పేరు చెబుతానని మాటిచ్చాను, చెబుతాను. నీ మీద అభిప్రాయం మారి కాదు. పిరికివాణ్ణి కానని తేలడానికి నాకు వేరే దారి నువ్వు ఉంచలేదు.

పెట్టెలో చీటీ వేసే పద్ధతి మంచిదే. నీ ఎదురుగా చెప్పే బాధ తప్పేది.

రోడరిక్ గిల్లిస్

లోర్న్ స్టేషన్,
నవంబరు 19.

అక్కకు,

నిన్న జరిగింది బావ నీకు చెప్పే ఉంటాడు, అంటే "అయిపోయింది" అని ఉంటాడు. మిగతాది నేను రాస్తాను.

అక్టోబరులో బావ నాకొక ఉత్తరం రాశాడు. నీకు చెప్పకుండా రాశాడు, అడిగితే చూపిస్తాడేమో. పద్నాలుగేళ్ళుగా నా బిల్లులు నెగ్గకపోయినా నా మాట నిజమని నమ్మి బతికాను. ఒక మనిషి నన్ను కాదనుకున్నాడంటే భయపడే కాదన్నాడని అనుకున్నాను గానీ, ఆలోచించే కాదన్నాడేమోనని ఒక్కసారి కూడా తట్టలేదు.

నామినేషన్ల రోజు కోర్టు ముందు మెట్ల మీద అభ్యర్థులం మాట్లాడాం. టార్మోర్ వాళ్ళు సగం మంది వచ్చారు, హెక్టర్ ముందు వరసలో ఉన్నాడు. నేను రాసుకున్న కాగితాలు జేబులో పెట్టేసి ఇలా చెప్పాను: "మార్చిలో సభలో నేనొక కథ చెప్పాను. అది తప్పు. టార్మోర్ బల్లకట్టు రోరీ గిల్లిస్ నాకు ఓటు వెయ్యనిది భయపడి కాదు. రేవు రాళ్ళకు నేను అడ్డుపడ్డాను, రెండు గుర్రాలు పోయాయి, అందుకు వెయ్యలేదు. అతను చేసింది న్యాయం. అతను పిరికివాడని ఇంకెవరైనా అంటే, ఆ మాట ముందు నాది, నాతో తేల్చుకోండి."

మా పక్షం పెద్ద నా కోటు పట్టుకు లాగి, "నీకు మతిపోయిందా? నీ నోటితోనే నీ సీటు పోగొట్టుకున్నావు" అన్నాడు. లామాంట్ లేచి ఏదో అనబోయి, మాట రాక కూర్చున్నాడు.

అంత చెప్పినా బావ ఏం చేస్తాడో తెలియదు. అన్న మాట నుంచి వెనక్కి వెళ్ళే మనిషి కాదు. నిన్న పొద్దున వంతెన మీదుగా చుట్టు తిరిగి రాకుండా, నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి బల్లకట్టు ఎక్కాను. ఇద్దరమే ఉన్నాం. ఏటి మధ్యకు వచ్చాం. నేనే అన్నాను.

"రేవు దిగుడు బాగుంది బావా."

"లామాంట్ పరిపించాడు."

"అవును. ఇవాళ ఎవరి పేరు చెబుతావు?"

"బల్ల దగ్గర వింటావు."

నేను బతిమాలలేదు. బతిమాలితే అది కూడా ఆయన మీద పెత్తనమే అవుతుందనిపించింది.

బళ్ళో పొయ్యి వెలుగుతోంది, గది నిండా తడి కోట్ల వాసన. నేనూ లామాంట్ బల్ల పక్కన కూర్చున్నాం. మధ్యాహ్నం పన్నెండుకు "రోడరిక్ గిల్లిస్" అని పిలిచారు. ఆయన టోపీ తీసి ముందుకొచ్చాడు. నాకు ఆ ఉత్తరంలో 'నీ ఎదురుగా చెప్పే బాధ' అన్న మాట గుర్తొచ్చింది. నేను కుర్చీలోంచి లేచి, ఆయన పక్కనుంచే తలుపు తీసుకుని బయటికి వెళ్ళాను. కిటికీ బయట, గదివైపు వీపు పెట్టి, ఏటికేసి చూస్తూ నిలబడ్డాను. కాళ్ళు వణికాయక్కా, చలికి కాదు. ఆయన నా పేరు చెబితే నీ కిటికీ, నీ క్యాబేజీలు, ఆ రెండు సమాధులూ నా నెత్తిన పడతాయి.

లోపలినుంచి వినిపించింది. "ఆర్చిబాల్డ్ లామాంట్." అంత స్పష్టంగా ఆ పేరు లామాంట్ తల్లి కూడా పలికి ఉండదు. గొంతు కొంచెం కూడా వణకలేదు.

నా జీవితంలో ఇంకొకడి పేరు విని ఇంత సంతోషపడలేదు. హెక్టర్ తలుపులోంచి తల బయటపెట్టి, "డూగల్డ్, అక్కడేం చేస్తున్నావు?" అన్నాడు. "ఊపిరి పీల్చుకుంటున్నాను" అన్నాను. వాడు లోపలికి వెళ్ళి ఏమన్నాడో గానీ గదంతా నవ్వింది. ఆ నవ్వులో బావ గొంతు కూడా ఉంది.

ఆరు ఓట్లతో ఓడిపోయాను. సాయంత్రం లెక్క తేల్చడానికి వెంటనే ఇటు రావాల్సి వచ్చింది గానీ, లేకపోతే నీ గడప దాకా వచ్చేవాణ్ణి. ఇవాళ ఎనిమిది గంటలదాకా పడుకున్నాను. పద్నాలుగేళ్ళుగా ఎవరికి ఎదురు చెప్పాలా అని లేచేవాణ్ణి. ఇవాళ లేవగానే ఎవరిమీదా కోపం లేదు. భుజం మీంచి బస్తా దింపినట్టుంది.

రహస్య ఓటు బిల్లు ఇంకెవరైనా తెస్తారు. తెచ్చినవాడికి నా కాగితాలన్నీ ఇస్తాను, మార్చి ఉపన్యాసం తప్ప.

నీ తమ్ముడు,
డూగల్డ్

టార్మోర్ రేవు,
1909 జనవరి 8.

తమ్ముడూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యం కావడానికి కారణం ఏరు. డిసెంబరంతా అటు పడవా ఆడలేదు, ఇటు మంచూ కట్టలేదు. నీ ఉత్తరం మాత్రం నాలుగుసార్లు చదివాను. మీ బావను ఆ ఉత్తరం చూపించమంటే, "ఏ ఉత్తరం?" అన్నాడు. నేను ఆయన కోటు జేబులు వెతికాను. నీ నామినేషన్ ఉపన్యాసం వేసిన పత్రిక ముక్క దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, అన్నిసార్లు తీసి చూశాడు.

నువ్వు కాళ్ళు వణికాయని రాసిన ముక్క ఆయనకు దాటెయ్యకుండా చదివాను. "డూగల్డ్‌కు చలి పడదు, చిన్నప్పటినుంచీ అంతే" అన్నాడు. తర్వాత లేచి బయటికి వెళ్ళి అరగంట దాకా రాలేదు. నేనూ పిలవలేదు.

నువ్వు రాసిన మాట నా నోట విని, హెక్టర్ ఇప్పుడు మీ బావను 'లామాంట్ తల్లి' అని పిలుస్తున్నాడు. దానికి మాత్రం నవ్వుతున్నాడు.

నిన్నటికి మంచు కట్టి గట్టిపడింది. పొద్దున్నే గడకర్ర తీసుకుని వెళ్ళాడు. ఎప్పటిలాగే అటు ఒడ్డునుంచి ఇటు ఒడ్డుకు కొమ్మలు నాటాడు. మధ్యాహ్నం దాటినా ఇంటికి రాకపోతే కిటికీలోంచి చూశాను. రేవు దగ్గర ఆగకుండా కొమ్మలు నాటుకుంటూ పైకి వస్తున్నాడు, క్యాబేజీ మడి పక్కనుంచి మా గుమ్మం దాకా. "ఇది ప్రభుత్వ దారి కాదుగా, ఇక్కడ ఎందుకు?" అని అడిగాను.

"వచ్చేవాడు నాలుగేళ్ళయింది, దారి మర్చిపోయి ఉంటాడు" అన్నాడు.

ఓట్స్ రొట్టెలకు పిండి కలిపి పెట్టాను. మేజోళ్ళు తొడుక్కు రా, పొడుగుది కత్తిరించి సరిచేస్తాను. మంచు గట్టిగానే ఉంది. ఆయన నడిచి చూశాడు.

అక్క